ఆఫీసుకు వెళ్తూనే ఇంకో ఉద్యోగం వెతుక్కున్న ఏడు నెలలు

రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్ తెరిచాను. రెస్యూమె మొదటి వాక్యంలో ఒక మాట మార్చాను. బాగాలేదనిపించి పాత మాటే మళ్లీ పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. పొద్దున చూస్తే ఫైలు అలాగే తెరిచి ఉంది, బ్యాటరీ అయిపోయింది. మొదటి పది వారాలు నా ఉద్యోగ వేట ఎలా సాగిందో చెప్పడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

సరుకు రవాణా కంపెనీలో రిపోర్టులు తయారుచేసే పని నాది. ఏ లారీ ఎప్పుడు బయల్దేరింది, ఎక్కడ ఆలస్యమైంది, ఎందుకైంది అన్న లెక్కలు తీసి పైవాళ్లకు ఇవ్వాలి. ఏడేళ్లు అదే చేశాను. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరూ పొమ్మనలేదు. కాకపోతే చివరి రెండేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ మాట అప్రైజల్ ఫారంలోనే కనిపించింది. అంతకుముందు ఏడాది రాసింది కాపీ చేసి పెడితే మా మేనేజర్‌కు తేడా తెలియలేదు. నిజానికి తేడా లేదు కూడా.

మానేసి స్థిమితంగా వెతుక్కోమన్న వాళ్లూ ఉన్నారు. నాకు ఆ ధైర్యం లేదు. నెల మొదటి వారంలో కట్టాల్సినవి ఆగవు. ఇంకో సంగతి కూడా ఉంది. చేతిలో ఉద్యోగం ఉంటే నచ్చని ఆఫర్‌ను వద్దని చెప్పగలం. చేతిలో ఉద్యోగం ఉండటం ఎంత విలువైనదో నాకు ఆరో నెలలో బాగా తెలిసొచ్చింది, అది తర్వాత చెబుతాను.

పది వారాల తర్వాత ఒక ఆదివారం కూర్చుని మెయిల్ బాక్స్ అంతా వెతికి లెక్క తీశాను. లెక్కలు తీయడమే నా వృత్తి, నా సొంత విషయంలో మాత్రం అప్పటిదాకా తీయలేదు. మొత్తం 64 చోట్ల అప్లై చేశాను. ఫోన్లు వచ్చింది 3 చోట్ల నుంచి. పంపిన సమయాలు చూస్తే అసలు విషయం బయటపడింది. 51 అప్లికేషన్లు రాత్రి పది దాటాక, పడుకుని, ఫోన్‌లోంచి ఒక్క నొక్కుతో పంపినవి. మిగతా 13 సెలవు రోజుల్లో పొద్దున పూట, ప్రకటన మొత్తం చదివి, రెస్యూమెను దానికి తగ్గట్టు కాస్త మార్చి పంపినవి. ఆ మూడు ఫోన్లూ ఈ 13లోంచే వచ్చాయి.

అప్పటిదాకా నాకు టైమ్ లేదనే అనుకునేదాన్ని. టైమ్ ఉంది. రోజూ రాత్రి గంట, గంటన్నర ఉంది. కానీ ఆ గంటకు బుర్ర మిగిలి ఉండేది కాదు. ఎనిమిది గంటలు ఆఫీసు వాడేసుకున్న బుర్రతో, నా గురించి నేను నమ్మకంగా నాలుగు వాక్యాలు రాయడమంటే జరిగే పని కాదు.

అందుకని ఎక్సెల్ షీట్ ఒకటి పెట్టాను. కంపెనీ, పోస్టు, ప్రకటన ఎక్కడ చూశాను, ఎప్పుడు పంపాను, ఎవరితో మాట్లాడాను, తర్వాత చేయాల్సిందేమిటి, ఎప్పటిలోగా. ఇవన్నీ అందరూ పెట్టేవే. నేను అదనంగా పెట్టింది ఒక్క కాలమ్, దాని పేరు ‘బుర్ర’. చేయాల్సిన ప్రతి పని పక్కన ‘తాజా’ అనో ‘అలసట’ అనో రాసేదాన్ని. రెస్యూమె మార్చడం, ఎవరికైనా మెసేజ్ రాయడం, ఇంటర్వ్యూకు సమాధానాలు పైకి చెప్పి చూసుకోవడం తాజా పనులు. ప్రకటనలు చూసి దాచుకోవడం, కంపెనీ గురించి చదవడం, ఫారాల్లో పాత ఉద్యోగాల తేదీలు నింపడం, షీట్ సరిచేయడం అలసట పనులు. తాజా పనులకు వారంలో నాలుగు రోజులు పొద్దున ఐదుంపావు నుంచి ఆరుంపావు వరకు, శనివారం రెండు గంటలు. అలసట పనులకు రాత్రి అరగంట, అదీ వారంలో రెండు రోజులే. మిగతా రాత్రుళ్లు ఉద్యోగం మాటే ఎత్తకూడదని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. పొద్దున లేవడం గురించి మాత్రం గొప్పలు చెప్పను. మొదటి రెండు వారాలు నాలుగుకు రెండు రోజులే లేచాను. అయినా ఆ రెండు గంటల్లో జరిగిన పని, అంతకుముందు పది వారాల రాత్రుళ్లలో జరగలేదు.

మొదటి పొద్దున చేసింది అప్లై చేయడం కాదు. ఎందుకు వెళ్లాలనుకుంటున్నానో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, లెక్కలు తీసి ఇవ్వడంతో ఆగకుండా వాటి మీద నిర్ణయం తీసుకునే చోట కూర్చోవాలి. రెండు, వారంలో కనీసం రెండు రోజులు ఇంటి నుంచి పని. మూడు, జీతం. జీతం మూడోది అయిందని రాశాకే తెలిసింది నాకు. ఆ కాగితం ముందు పెట్టుకుని చూస్తే, నేను దాచుకున్న 40 ప్రకటనల్లో 29 ఇప్పుడు చేస్తున్న పనే ఇంకో కంపెనీలో చేయమంటున్నవి. వాటిని తీసేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత వారానికి మూడు కంటే ఎక్కువ అప్లికేషన్లు పంపలేదు.

రెస్యూమె విషయంలో ఒక పిచ్చి పని చేశాను. రెండు కాలమ్‌లు, పక్కన రంగు పట్టీ, నైపుణ్యాలకు చుక్కల రేటింగు ఉన్న అందమైన నమూనాలో తయారుచేశాను. పెద్ద కంపెనీలు చాలావరకు అప్లికేషన్లను ముందు ఒక సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటాయి. అది ఫైలులోంచి అక్షరాలను లాగి గడుల్లో నింపుకుంటుంది. నాది అది ఎలా చదువుతుందో తెలుసుకోవడానికి పీడీఎఫ్ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాను. ఎడమ కాలమ్, కుడి కాలమ్ కలగలిసిపోయి, నా చదువు మధ్యలో ఫోన్ నంబరు, ఉద్యోగం పేరు మధ్యలో తెలిసిన భాషలు వచ్చాయి. అందం సంగతి పక్కన పెట్టి ఒకే కాలమ్‌లో మామూలుగా రాశాను. ‘రిపోర్టులు తయారుచేయుట’ లాంటి వాక్యాలు తీసేసి, ఏం చేస్తే ఏం మారిందో రాశాను. వారానికి రెండు రోజులు పట్టే రిపోర్టును మూడు గంటల్లోకి తెచ్చిన సంగతి ఏడేళ్లలో ఎక్కడా రాసుకోలేదు నేను!

ఇక్కడ ఒక జాగ్రత్త. చేసిన పని చూపించాలన్న ఆత్రంలో కంపెనీ రిపోర్టులు రెండు నా సొంత మెయిల్‌కు పంపుకుందామనుకున్నాను. పంపే బటన్ దాకా వెళ్లి ఆగాను. అవి నావి కావు, కంపెనీవి. పైగా అలా బయటికి వెళ్లిన మెయిల్ ఐటీ వాళ్లకు కనిపిస్తుంది. చేసిన మార్పులను శాతాల్లో, గంటల్లో నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఇంటర్వ్యూల్లో అంతకు మించి ఎవరూ అడగలేదు.

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది, నేను అన్నిటికంటే ఎక్కువ వాయిదా వేసింది ఒకటే. పాత పరిచయస్తులతో మాట్లాడటం. ఏడేళ్లుగా పలకరించని మనిషికి ఇప్పుడు అవసరం పడ్డాక మెసేజ్ పెట్టడమంటే సిగ్గుగా అనిపించేది. ఆ సిగ్గు కొంత తగ్గించింది ఒక పాత పరిశోధన. మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్లను ఆ పరిచయస్తుణ్ని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగిన లెక్క ఉంది. వారానికి రెండుసార్లైనా కలిసేవాళ్లమన్నవారు 17 శాతమే. అప్పుడప్పుడూ అన్నవారు దాదాపు 56 శాతం, ఏడాదికి ఒకసారో అంతకంటే తక్కువో అన్నవారు 28 శాతం. ఆయన అడిగింది కొద్దిమందినే. కానీ 2022లో, ఉద్యోగ పరిచయాల సైట్ లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మందికి పైగా వాడుకరుల మీద చేసిన పెద్ద ప్రయోగం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది, అదీ దాదాపు ఇదే చెప్పింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూ మొహం తెలియనివాళ్లూ కాదు, మధ్యస్తంగా తెలిసినవాళ్ల వల్లే ఉద్యోగాలు ఎక్కువ మారాయట. ఆలోచిస్తే సబబే. నా పక్క సీటు మనిషికి తెలిసిన ఖాళీలు నాకూ తెలుసు. ఐదేళ్ల కింద వెళ్లిపోయిన మనిషికి తెలిసినవే నాకు తెలియవు.

వారానికి ఇద్దరు చొప్పున పెట్టుకున్నాను. మెసేజ్ చిన్నది. ఎలా ఉన్నారు, ఫలానా ప్రాజెక్టులో కలిసి పనిచేశాం, ఇప్పుడు మీరున్న చోట ఈ తరహా పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది, వీలైతే పావుగంట మాట్లాడతారా, నేను మారదామనుకుంటున్న విషయం మన మధ్యే ఉండనివ్వండి. అంతే. ‘ఏదైనా ఉంటే చూడండి’ అని మాత్రం అడగలేదు. అలా అడిగితే అవతలివాళ్లకు చేయడానికి ఏమీ ఉండదు, సరేనని మర్చిపోతారు. నేనే చాలాసార్లు అలా మర్చిపోయాను. మొత్తం 22 మందికి రాస్తే 15 మంది మాట్లాడారు. ఒకాయన పావుగంటకని మొదలుపెట్టి ముప్పావుగంట తన మేనేజర్‌ను తిట్టారు. అదీ పనికొచ్చింది, ఆ కంపెనీ పేరు షీట్‌లోంచి తీసేశాను.

ఇక దాచుకోవడం. దీనికి ఇంత శ్రమ పడుతుందని ఎవరూ చెప్పరు. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం చూస్తున్నట్టు ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ పెట్టకుండా, రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా పెట్టుకోవచ్చు. అది మన కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా ప్రయత్నిస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది గానీ, పూర్తిగా కనబడదని హామీ ఇవ్వదు. ప్రొఫైల్‌లో మార్పులు చేసే ముందు, అవి అందరికీ తెలియజేసే మీటను ఆపేశాను. ఒకేరోజు అన్నీ మార్చకుండా మూడు వారాల్లో కొంచెం కొంచెంగా మార్చాను. ఫోన్ నంబరు, మెయిల్ అన్నీ సొంతవే. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు వైఫై ముట్టుకోలేదు.

ముట్టుకోలేదనే అనుకున్నాను. ఒకరోజు టీమ్ మీటింగ్‌లో నా స్క్రీన్ షేర్ చేస్తూ బ్రౌజర్‌లో రిపోర్టు పేరు టైపు చేయడానికి మొదటి అక్షరం కొట్టాను. కింద వరసగా ఐదు సూచనలు దిగాయి. రెండోది ఇంకో కంపెనీ కెరీర్స్ పేజీ! ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఆఫీసు బ్రౌజర్‌లో నా సొంత అకౌంట్‌తో లాగిన్ అయ్యాను, ఇంట్లో చూసినవన్నీ అక్కడికీ చేరిపోయాయి. గబగబా మిగతా అక్షరాలు కొట్టేశాను. మేనేజర్ అప్పుడు ఫోన్ చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఆ సాయంత్రం అవసరం లేకపోయినా మేనేజర్ దగ్గరికెళ్లి, వచ్చే ఏడాది ప్లాన్ల గురించి ఉత్సాహంగా మాట్లాడి వచ్చాను. మర్నాడు లిఫ్ట్‌లో మా టీమ్‌లోనే ఉండే జూనియర్ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది, “మీరూ చూస్తున్నారా అండీ?” అని. ఆ ‘రూ’ విన్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

ఇంటర్వ్యూలు మొదలయ్యాక ప్లాన్ మళ్లీ మార్చాల్సి వచ్చింది. మొదటిసారి ఆఫీసు మీటింగ్ రూమ్‌లో తలుపేసుకుని ఫోన్‌లో మాట్లాడాను. గాజు తలుపు. బయట ఎవరు నడిచినా నా మాట తడబడింది, ఆ ఉద్యోగం రాలేదు. అప్పటినుంచి నేనే ముందుగా చెప్పేదాన్ని. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నాను, ఉదయం తొమ్మిదిలోపు గాని సాయంత్రం ఆరు తర్వాత గాని అయితే బాగుంటుంది అని. ఒప్పుకోరేమో అని భయపడ్డాను గానీ, తొమ్మిదింట్లో ఏడుగురు ఒప్పుకున్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు, ఉద్యోగంలో ఉన్నవాళ్లంటే మాకు అంత ఆసక్తి లేదన్నట్టు మాట్లాడారు. రేపు అక్కడ చేరితే నా టైమ్‌కు ఎంత విలువ ఉంటుందో ఆ ఫోన్‌లోనే తెలిసిపోయింది. చివరి రౌండ్లకు పూర్తి రోజు లీవ్ పెట్టి, వీలైతే రెండు ఇంటర్వ్యూలు ఒకేరోజు వచ్చేలా చూసుకున్నాను. నాకున్న లీవుల్లో ఆరు దీనికని ముందే పక్కన పెట్టాను.

అబద్ధాల సంగతీ చెప్పాలి. మొదటి లీవ్‌కు ఒంట్లో బాగాలేదన్నాను. మర్నాడు ముగ్గురు వచ్చి ఎలా ఉందని అడిగారు, ఒకరు మందు పేరు కూడా చెప్పారు. రోజంతా నీరసం నటించలేక చచ్చాను. ఆ తర్వాత ‘సొంత పని ఉంది’ అని మాత్రమే రాశాను. ఎవరూ ఏం పని అని అడగలేదు. ఏడేళ్లుగా నేనే అక్కర్లేని కారణాలు చెబుతూ వచ్చానన్నమాట.

ఈ ఏడు నెలల్లో ఆఫీసు పనిలో లోటు రాకుండా చూసుకున్నానని చెప్పాలని ఉంది, కానీ ఒకసారి వచ్చింది. ఒక కంపెనీ ఇంట్లో చేసి పంపమని టెస్ట్ ఇచ్చింది, మూడు గంటల పని అన్నారు, నాకు పదకొండు గంటలు పట్టింది. ఆ వారం నెలాఖరు రిపోర్టులో ఒక గోదాము లెక్క రెండుసార్లు కలిపేశాను. పట్టుకున్నది మేనేజరే. కేకలేయలేదు, “నువ్వు ఇలాంటి తప్పు చేయవే” అన్నారు. కేకలేసినా బాగుండేది. అప్పటినుంచి నెలాఖరు వారంలో ఏ ఇంటర్వ్యూ, ఏ టెస్టూ పెట్టుకోలేదు. షీట్‌లో ఆ వారాలకు బూడిద రంగు వేశాను.

ఎందుకు మారాలనుకుంటున్నారు అన్న ప్రశ్నకు మొదట్లో నాలుగు నిమిషాలు ఏకరువు పెట్టేదాన్ని. రికార్డు చేసుకుని విన్నాక నాకే నా మీద జాలేసింది. దాన్ని రెండు వాక్యాలకు తగ్గించాను. ఇక్కడ ఏం నేర్చుకున్నాను, మీ దగ్గర ఏం చేయాలనుకుంటున్నాను. మిగతా ప్రశ్నలకు పరిస్థితి, నా బాధ్యత, నేను చేసింది, దాని ఫలితం అన్న వరసలో ఆరు సంఘటనలు తయారుచేసుకున్నాను. ఎవరు ఏది అడిగినా ఆ ఆరింట్లో ఏదో ఒకటి సరిపోయింది.

ఆరో నెలలో ఒక చోట నుంచి ఫోన్ వచ్చింది. మీరు సెలెక్ట్ అయ్యారు, లెటర్ రెండు రోజుల్లో వస్తుంది, నోటీస్ పీరియడ్ ఈరోజే మొదలుపెడితే మాకు మేలు అన్నారు. ఆ మధ్యాహ్నం రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టాను కూడా. లెటర్ చూడకుండా పంపొద్దని పాత స్నేహితురాలు గట్టిగా చెప్పింది. రెండు రోజులు నాలుగయ్యాయి, నాలుగు పన్నెండయ్యాయి. పదమూడో రోజు మెయిల్ వచ్చింది, ఆ పోస్టు ప్రస్తుతానికి నిలిపేశాం అని. ఆ మెయిల్ చదివింది నా పాత సీట్లోనే కూర్చుని. టీ తాగి రిపోర్టు పని చేసుకున్నాను. ఆ డ్రాఫ్ట్ పంపి ఉంటే ఆ సాయంత్రం ఎలా ఉండేదో ఊహించడం కూడా ఇష్టం లేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఏమీ చేయలేదు. షీట్ తెరవలేదు, పొద్దున లేవలేదు. ప్లాన్‌లో ఇలాంటి ఖాళీకి చోటు పెట్టలేదు నేను, పెట్టాల్సింది.

చివరికి దొరికిన ఉద్యోగం ఆ 22 మందిలో ఒకరి వల్లే వచ్చింది. ఆరేళ్ల కింద ఒక శిక్షణలో నాలుగు రోజులు నా పక్కన కూర్చున్నావిడ. పేరు గుర్తుంది గానీ ముఖం గుర్తులేదు. అప్పుడు ఖాళీ లేదని చెప్పి, ఏడో నెలలో తనే గుర్తుపెట్టుకుని రాసింది. మూడు రౌండ్లు, పందొమ్మిది రోజుల్లో అయిపోయింది. రిఫరెన్సుకు ఇప్పటి మేనేజర్ పేరు ఇవ్వలేదు, పాత మేనేజర్, వెళ్లిపోయిన ఒక కొలీగ్ పేర్లు ఇచ్చాను. సంతకం చేసిన లెటర్ చేతికొచ్చేదాకా మా ఆఫీసును సంప్రదించవద్దని అడిగితే సరేనన్నారు. లెటర్ వచ్చింది. జీతం, హోదా, చేరే తేదీ, ఇంటి నుంచి పని రోజులు అన్నీ ఫోన్‌లో చెప్పినట్టే ఉన్నాయో లేదో పంక్తి పంక్తీ చూసుకుని సంతకం చేశాక, అప్పుడు వెళ్లి మేనేజర్‌కు చెప్పాను. మెయిల్ కంటే ముందు మాటగా.

ఆయన రెండు రోజులు టైమ్ అడిగి, కొత్త చోటి జీతానికి సమానంగా ఇస్తామన్నారు. ఒక్క క్షణం ఊగాను. ఇంటికెళ్లి ఆ పాత కాగితం తీసి చూశాను. మూడోదానికి మాత్రమే సమాధానం వచ్చింది, మొదటి రెండింటి మాటే లేదు. వద్దని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది, ఆయన నొచ్చుకున్నారు, తర్వాత మామూలైపోయారు. రెండు నెలల నోటీస్‌లో ప్రతి రిపోర్టు ఎలా తయారవుతుందో రాసిపెట్టాను. 34 పేజీలు వచ్చింది.

ఆఖరి వారంలో నా ఎక్సెల్ షీట్‌లోని పేర్లన్నీ చెరిపేసి, కాలమ్‌ల తలకట్లు మాత్రం ఉంచి, లిఫ్ట్‌లో అడిగిన అమ్మాయి సొంత మెయిల్‌కు పంపాను. రాత్రి పదింబావుకు జవాబు వచ్చింది. “చాలా థాంక్సండీ. అన్నీ అర్థమయ్యాయి గానీ, ఈ ‘బుర్ర’ కాలమ్ ఏంటండీ?”

టైమ్ చూసి, పొద్దున ఫోన్ చేయమని రాశాను.